తొంభై సెంట్ల హెంప్ విధానం

డెల్టా రైతుకి తన పంట మీద కంటే పక్కవాడి పంట మీద గురి ఎక్కువ. పక్కవాడు వరి తీసేసి చేపల చెరువు తవ్వితే తనూ తవ్వాలి. వాడు చేప మానేసి రొయ్య వేస్తే తనూ వెయ్యాలి. వాడు రొయ్యతో పాటు మునిగిపోతే తను ఆయిల్‌పామ్ మొక్కల కోసం నల్లజర్ల వైపు పరిగెత్తాలి. పెదపాడు అవతల పద్దెనిమిది ఎకరాలుండి, తాడేపల్లిగూడెంలో మూడంతస్తుల ఇంట్లో కాపురముండే బుచ్చిబాబు ఈ పరుగులన్నిట్లోనూ పాల్గొన్నాడు, అన్నిట్లోనూ ఆఖర్న వచ్చాడు. అందుకని ఈసారి అందరికంటే ముందు రావాలని నిశ్చయించుకున్నాడు. ఈసారి పంట పేరు గంజాయి.

గంజాయి అనకూడదట, హెంప్ అనాలట. ఆ సంగతి హన్నమ్మకి తెలిసింది ఏలూరులో ఒక హోటలు హాలు వెనక, వంట సామాన్లు దించిన వరండాలో.

హన్నమ్మ బుచ్చిబాబు కౌలుదారు. కాలువ పక్కన తొంభై సెంట్ల మెరక చెక్క ఆవిడ చేతిలో ఉంది. బెండ, వంగ, గోంగూర, తోటకూర, కాలాన్ని బట్టి ఏది కుదిరితే అది వేస్తుంది. భర్త యేసుదాసు ఆకివీడులో చేపల లారీలకి ఐసు ఎత్తే పనికి పోతాడు, అంచేత సేద్యం మొత్తం ఆవిడదే. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా ఆ చెక్క మీద ఆవిడకి పూచికపుల్లంత కాగితం లేదు. కౌలంతా నోటిమాట మీదే నడుస్తుంది. ఆ ప్రాంతంలో పద్ధతే అంత. కాగితం కోసం పట్టుబట్టిన కౌలుదారు మరుసటి ఏడాది ఆ గట్టు మీద కనపడడు. కిందటేడు తుఫానుకి మునిగింది హన్నమ్మ వేసిన బెండతోట, నష్టపరిహారం పడింది బుచ్చిబాబు ఖాతాలో. ఇందులో ఎవరి తప్పూ లేదు. రికార్డుల్లో సాగుదారు ఆయనే, మునిగినవాడూ ఆయనే.

కౌలు కార్డుకి ఆసామి సంతకం కావాలంటే హన్నమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ బుచ్చిబాబు నొచ్చుకున్నాడు. "మన మధ్య కాగితాలేంటి హన్నమ్మా, నేను నిన్ను ఏనాడైనా పరాయిదానిలా చూశానా?" అన్నాడు. పరాయిదానిలా చూసి ఉంటే కనీసం రసీదైనా ఇచ్చేవాడు.

ఆ రోజు హోటల్లో భోజనాల కాంట్రాక్టు షంషున్నీసాది. ఏలూరులో పెళ్ళిళ్ళకీ మీటింగులకీ వండి పంపిస్తుంది. ఆవిడ చేతి గోంగూర మటన్‌కి జిల్లా అంతా పేరు, ఆ గోంగూర హన్నమ్మ చెక్కలోది. మోపు దించి చెమట తుడుచుకుంటుంటే, తలుపు సందులోంచి మైకు వినపడింది.

"ఏంటండి బీబీగారూ, గంజాయి గంజాయంటున్నారు, పోలీసోళ్ళ మీటింగా?" అని అడిగింది హన్నమ్మ.

"కాదు హన్నమ్మా, రైతుల మీటింగే. గంజాయి పండిస్తే దేశం బాగుపడుద్దంట. పొద్దుట్నుంచీ అదే చెప్తున్నాడు ఆ అబ్బాయి."

ఆ అబ్బాయి పేరు ప్రదీప్. పాలసీ కన్సల్టెంట్. అంటే ప్రభుత్వం ఏం చెయ్యబోతోందో ప్రభుత్వం కంటే ముందు తెలిసినవాడన్నమాట. ఉత్తరాన కొండ రాష్ట్రాల్లో లైసెన్సు మీద హెంప్ వేస్తున్నారనీ, నారతో బట్ట, గింజతో నూనె, కట్టెతో ఇటుక చేస్తారనీ, మత్తు లేని రకమనీ, రేపో మాపో మన దగ్గరా విధానం వస్తుందనీ చెప్పాడు. తెర మీద గ్రాఫు చూపించాడు. మొదటి ఏడు కొన్ని వేల ఉద్యోగాలు, రెండో ఏడు దానికి రెట్టింపు, అయిదో ఏటికి గీత తెర దాటి పైన ఏసీ వైపు వెళ్ళిపోయింది.

మధ్యలో కొన్ని బుద్ధిగల మాటలు కూడా చెప్పాడు. పన్ను మరీ ఎక్కువైతే దొంగ వ్యాపారం పోదు, లైసెన్సు ఫీజు చిన్న రైతుకి అందేట్టు ఉండాలి, వచ్చిన పన్నులో కొంత వ్యసనపరుల వైద్యానికి తీసి పెట్టాలి, పాత కేసుల్లో జైళ్ళకి పోయిన కూలి జనానికి ముందు అవకాశమివ్వాలి అన్నాడు. అవి చెప్తున్నంతసేపూ హాల్లో ఒకడు ఫోను చూసుకున్నాడు, ఒకడు గడియారం చూసుకున్నాడు, మిగతావాళ్ళు మసాలా వాసన వస్తున్న వైపు చూశారు. చివర ప్రశ్నలడగమంటే లేచిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, ఎకరానికి ఎంతొస్తుందని.

చేతులు కడుక్కోడానికి వెనక్కొచ్చిన ప్రదీప్‌ని హన్నమ్మ కూడా ఒకటి అడిగింది. "ఏవండీ, కౌలుకి చేసుకునేవాళ్ళకేం వస్తదండి ఇందులో?"

"చాలా మంచి ప్రశ్న అమ్మా. వాల్యూ చెయిన్‌లో మీరు కచ్చితంగా ఉంటారు," అన్నాడు ప్రదీప్, గోంగూర మటన్ మరకైన చొక్కా అంచుని కడుక్కుంటూ.

ఆ చెయిన్ ఎవరి మెడలో పడుతుందో ఆయన చెప్పలేదు. బుచ్చిబాబు మాత్రం ఆ రోజు సభలో ఒక్క ముక్క గట్టిగా పట్టుకున్నాడు. రాయితీ, విత్తనం, లైసెన్సు, అన్నీ సాగుదారుకే.

వారం తిరక్కుండా కారేసుకుని పొలానికొచ్చాడు. వచ్చాడంటే రోడ్డు దాకా. గట్టు మీద నడిస్తే బూట్లు పాడవుతాయి. హన్నమ్మని రోడ్డు మీదికి పిలిపించి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టాడు. ప్రదీప్ తెప్పించి ఇచ్చిన హెంప్ గింజలు. ధర చెప్పలేదు గాని, పెట్టెను పట్టుకున్న తీరు చూస్తే బంగారానికి ఓ మెట్టు దిగువ.

"ఈసారి కూరగాయలొద్దు. తొంభై సెంట్లలోనూ ఇదే చల్లు. ముందస్తు నమూనా అన్నమాట. విధానం వచ్చేసరికి జిల్లాలో మన పొలమే మొదట ఉండాలి," అన్నాడు.

"మరి విధానం వచ్చాక నాకేంటండి?"

బుచ్చిబాబు గొంతు మెత్తబడింది. గొంతు మెత్తబడితే హన్నమ్మకి భయం. "అప్పుడు నేనే స్వయంగా చేసుకోవాల్సుంటుంది హన్నమ్మా. రికార్డులు సక్రమంగా ఉండాలి కదా. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు, కూలికి రా. నిన్ను వదులుకుంటానా?"

ఇరవై రెండేళ్ళ సేద్యం కూలిగా మారడానికి ఆయనకి నాలుగు వాక్యాలు సరిపోయాయి. హన్నమ్మ పెట్టె చంకలో పెట్టుకుని చేను వైపు చూసింది. ఆ చెక్కలో చవుడు కొట్టుకుపోయేదాకా బురద మోసి పోసింది తను. ఇద్దరు ఆడపిల్లల చదువులు అందులోంచే వచ్చాయి. అది పోతే మిగిలేది యేసుదాసు నడుం నొప్పి ఒక్కటే.

ఇంటికెళ్ళి పెట్టె విప్పితే, లోపల గింజలు తెల్లగా, మెత్తగా, నువ్వుపప్పులా ఉన్నాయి. నాలుగు నోట్లో వేసుకుని నమిలింది. కమ్మగానే ఉన్నాయి. పొట్టు తీసి తినడానికి అమ్మే పప్పు అది. ఆమె వెంటనే ఫోను చేసింది.

"బాబుగారండీ, ఇది పొట్టు తీసిన గింజండి. మొలవదండి."

"హన్నమ్మా, అది ఇంపోర్టెడ్. దాని పద్ధతి దానికుంటది. చల్లమన్నాను, చల్లు."

చల్లింది. పన్నెండు రోజులు చూసింది. చీమలు, ఉడతలు, పిచ్చికలు ఆ ఏడాది బాగుపడ్డాయి. హెంప్ వల్ల జిల్లాలో మొట్టమొదట లాభపడ్డ వర్గం వాటిదే. మొక్క మాత్రం ఒక్కటీ లేవలేదు.

విత్తనం మొలవకపోతే నేలను బీడు పెట్టి కూచోవడం కౌలుదారుకి చేతగాని పని. పదును ఆరిపోకముందే ఉన్న గింజ చల్లెయ్యాలి, ఆసామిని తరవాత అడగాలి. హన్నమ్మ దగ్గర డబ్బాలో గోగు విత్తనం ఉంది. ఆకు కూరకి, నిలువుగా ఎదగనిస్తే కట్టె నారకి, రెండింటికీ పనికొచ్చే గోంగూర. చల్లేసి, మళ్ళీ ఫోను చేసింది.

"ఆ గింజ మొలవలేదండి. గోంగూర చల్లేసేనండి."

బుచ్చిబాబు అప్పుడు హెంప్ రైతుల సంఘానికి అధ్యక్షుడెవరన్న తగాదాలో ఉన్నాడు. పంట లేదు, చట్టం లేదు, సంఘంలో మాత్రం అప్పటికే రెండు వర్గాలు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లెటర్‌హెడ్ కూడా అచ్చయిపోయింది. "సరే సరే, నువ్వు చూసుకో," అని పెట్టేశాడు. కౌలుదారు మాటలో ఆయన చెవికెక్కేది కౌలు డబ్బు సంగతొక్కటే. తక్కినదంతా కాలువలో నీటి చప్పుడు.

వానలు బాగా పడ్డాయి. ఆగస్టుకి గోగు నిలువెత్తు లేచింది. చేతి వేళ్ళలా చీలిన ఆకు, అంచుకి రంపపు పళ్ళు. తెర మీద ప్రదీప్ చూపించిన బొమ్మకీ దీనికీ దూరం నుంచి తేడా చెప్పడం కష్టమే. దగ్గరికెళ్ళి ఆకు తుంచి నమిలితే పసిపిల్లైనా చెప్తుంది. కాని దగ్గరికెళ్ళేదెవరు?

ప్రదీప్ నలుగురు పెద్దమనుషుల్నీ, ఒక పత్రికా విలేఖరినీ వెంటబెట్టుకుని క్షేత్ర సందర్శనకొచ్చాడు. బుచ్చిబాబు ఆ రోజు మాత్రం బూట్లు త్యాగం చేసి గట్టు దిగాడు. రోజూ మధ్యాహ్నం గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగదాయనకి. ఆ పచ్చడి ఏ మొక్కకి కాస్తుందో చూసే అవసరం మాత్రం అరవై ఏళ్ళలో రాలేదు. మొక్కల మధ్య నిలబడి ఆకుని చెంపకి ఆనించుకుని ఫోటో దిగాడు.

"ఎదుగుదల అద్భుతంగా ఉంది. ఇక్కడి నేలకి ఇంత బాగా అలవాటుపడుతుందని నేను కూడా ఊహించలేదు," అన్నాడు ప్రదీప్.

"అది గోంగూరండి," అంది హన్నమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ప్రదీప్ ముఖం వెలిగిపోయింది. "చూశారా, స్థానికులు దీన్ని తమ సంస్కృతితో ఎలా కలుపుకుంటున్నారో. ఈ మాట రిపోర్టులో పెట్టాలి."

"కలుపుకోడం కాదండి. గోంగూరేనండి. నేనే చల్లేను."

"ఉండు హన్నమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు," అన్నాడు బుచ్చిబాబు. విలేఖరి కూడా ఆ మాట రాసుకోలేదు. గోంగూర వార్త కాదు మరి.

మర్నాడు జిల్లా పేజీలో ఫోటో పడింది. 'జిల్లాలో తొలి హెంప్ నమూనా క్షేత్రం. అభ్యుదయ రైతు బుచ్చిబాబు సొంత సాగు.' సొంత సాగు అన్న మాటను హన్నమ్మ రెండుసార్లు చదివింది. ఇరవై రెండేళ్ళుగా వంగి తను పడ్డ పాటంతా ఆ రెండు మాటల్లో ఎవడో కలుపులా పీకి గట్టు మీద పారేసినట్టనిపించింది. నాలుగు తిట్లు తిట్టుకుంది. అవి జిల్లా పేజీలో వేసే రకం తిట్లు కావు.

ఇక ఆర్థిక ఫలితాలు మొదలయ్యాయి. కాలువ పక్క మెరక భూములకి కౌలు రేటు ఎగిరింది. బ్రోకర్లు మోటారు సైకిళ్ళ మీద తిరిగారు. పెదపాడు దారిలో ఒకాయన హెంప్ టీ స్టాలని బోర్డు పెట్టి మామూలు టీనే అయిదు రూపాయలు ఎక్కువకి అమ్మాడు. హన్నమ్మ గోంగూర షంషున్నీసా వంటింటికి పోతుందన్న సంగతి పొక్కేసరికి ఏలూరులో సగంమంది భయపడ్డారు, మిగతా సగం ఆర్డర్లు పెట్టారు. భయపడ్డ సగం కూడా రెండు రోజులాగి పార్సిల్ తెప్పించుకున్నారు.

"నిన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ మూడుసార్లు వడ్డించుకుని, తేలిపోతున్నట్టుంది, మీరేం కలిపారో నాకు తెలుసన్నాడు హన్నమ్మా," అంది షంషున్నీసా. "ఉప్పు, కారం, గోంగూర అని చెప్పాను. కన్ను కొట్టి వెళ్ళాడు."

హన్నమ్మ దగ్గరికీ జనం రావడం మొదలుపెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు, ఆఫీసు ఉద్యోగులు, ఒక రిటైర్డు హెడ్మాస్టరు. గట్టు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, ఓ కట్ట కావాలనేవారు. "గోంగూరండి, కట్ట పది రూపాయలు," అనేది. అర్థమైందన్నట్టు తలూపి వంద చేతిలో పెట్టి, చిల్లర తీసుకోకుండా పోయేవారు. ఆవిడ అబద్ధమాడలేదు. చెప్పిన నిజానికి వాళ్ళు ఎక్కువ ధర కడితే ఆ పాపం నిజానిది. హెడ్మాస్టరు మాత్రం మళ్ళీ వచ్చి, కాల్చితే దగ్గొచ్చింది గాని రాత్రి మంచి నిద్ర పట్టిందని కితాబిచ్చి వెళ్ళాడు.

ఈ వైభవం పదిహేను రోజులు సాగాక పోలీసు జీపు వచ్చింది.

ఎస్సై వెంకట్రాజు కొత్తగా బదిలీ మీద వచ్చాడు. పత్రిక కత్తిరింపు చేతిలో పట్టుకుని చేలో నిలబడ్డాడు. పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ మునీర్ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, "సార్, ఇది గోంగూరండి," అన్నాడు.

"ఆసామి తనే హెంప్ అని పేపర్లో వేయించుకున్నాడు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు ఎస్సై. "లైసెన్సు లేకుండా సాగు. శాంపిల్ తియ్యి, సీలు వెయ్యి, ల్యాబుకి పంపు. నోటితో రిపోర్టులివ్వకు."

హన్నమ్మ కూడా చెప్పింది. ఆవిడ మాట కూడా నోటి రిపోర్టు కిందే పోయింది. శాంపిల్ మూడు కవర్లలో మైనం ముద్రలతో బయల్దేరింది. చేలో ఇద్దరు కానిస్టేబుళ్ళని కాపలా పెట్టారు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు మునీర్ ఇంటికి రెండు కట్టలు కోసుకుని, హన్నమ్మకి ఇరవై రూపాయలు ఇచ్చి వెళ్ళాడు. ఆ వ్యవహారం మొత్తంలో సరైన ధర చెల్లించినవాడు ఆయనొక్కడే.

ఎస్సై తాడేపల్లిగూడెం ఫోను చేసి బుచ్చిబాబుకి ఒకటే మాట చెప్పాడు. రికార్డులో సాగుదారు మీరు, పేపర్లో సాగుదారు మీరు, రిపోర్టు వచ్చేదాకా ఊరు దాటొద్దు. అసలు సాగు చేసేది వేరేవాళ్ళయితే కాగితం చూపించండి.

బుచ్చిబాబు వెంటనే ఫోను అందుకున్నాడు. ప్రదీప్‌కి ఫోను చేస్తే, తను సలహా మాత్రమే ఇచ్చాననీ, విధానం ఇంకా ముసాయిదా దశలో ఉందనీ, తన పేరెక్కడా వాడొద్దనీ చెప్పాడు. సంఘానికి ఫోను చేస్తే రెండు వర్గాలూ ఏకమై బుచ్చిబాబు తమ సభ్యుడే కాదన్నాయి. అప్పుడు, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, తన పొలాన్ని చేస్తున్నదెవరో ఆయనకి గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే హన్నమ్మ ఇంటి ముందు కారాగింది. బుచ్చిబాబుతో పాటు వీఆర్వో నరసింహమూర్తి చంకలో ఫైలు పెట్టుకుని దిగాడు. ఆసామి ఆ గుమ్మం ముందుకి రావడం అదే మొదలు. హన్నమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"హన్నమ్మా, నువ్వు ఎప్పట్నుంచో అడుగుతున్నావు కదా, కౌలు కార్డు. నా మనసు ఎప్పుడూ నీ వైపే. ఇదిగో, ఫారం తెచ్చాను."

యేసుదాసు ఆవిడని లోపలికి పిలిచాడు. "ఒద్దే. మన పేరు కాగితమెక్కిందంటే మంచికెప్పుడెక్కింది? ఆ ల్యాబోళ్ళు ఏదో ఒకటి రాసేస్తే జైలుకెళ్ళేది నువ్వు. ఆయన కాదు."

హన్నమ్మకి భయం వెయ్యలేదంటే అబద్ధం.  ఆకు తనకి తెలుసు, రుచి తెలుసు, విత్తనం తన డబ్బాలోదే. కాని తనకి తెలిసినదానికి ఏ ఆఫీసులో విలువిచ్చారు గనక? ల్యాబులో కవరు మారొచ్చు. ఎస్సై మనసు మారొచ్చు. ఇవన్నీ అనుకుంది. అనుకుని, ఈ సంతకం ఈ రోజు తీసుకోకపోతే ఈ జన్మలో రాదని కూడా అనుకుంది.

బయటికొచ్చింది. "చేస్తానండి. ముందు ఒక మాట చెప్తున్నాను, ఇనండి. అది గోంగూరండి."

బుచ్చిబాబు ముఖంలో తెలివైన నవ్వొకటి వచ్చింది. "అలాగే, అలాగే. ఎవరడిగినా అలాగే చెప్పు. చాలా మంచి మాట పట్టుకున్నావు."

నరసింహమూర్తి ఫారం నింపడం మొదలుపెట్టాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఆసామి, సాగుదారు. పంట అన్న గడి దగ్గర కలం ఆగింది. "ఏం రాయమంటారండి?"

"ఖాళీగా వదిలెయ్యండి," అన్నాడు బుచ్చిబాబు.

"గోంగూర అని రాయండి," అంది హన్నమ్మ.

"రాయండి, రాయండి. గోంగూరే రాయండి," అని బుచ్చిబాబు ఆవిడ తెలివికి లోలోపల మురిసిపోయాడు. నిజాన్ని ఆయన అంత సంతోషంగా ఒప్పుకున్న రోజు అదొక్కటే, అదీ అబద్ధమనుకుని.

హన్నమ్మ అక్కడితో ఆగలేదు. ఎస్సైగారికి ఆయనిచ్చే వాంగ్మూలంలో ఇరవై రెండేళ్ళని రాయాలంది. బుచ్చిబాబు చెయ్యి చాచి మరీ పెన్ను అడిగి తీసుకుని తన చేత్తోనే రాశాడు. 'ఇరవై రెండు సంవత్సరములుగా సదరు భూమిని హన్నమ్మయే సాగు చేయుచున్నది. పెట్టుబడి, శ్రమ, ఫలసాయము సర్వము ఆమెదే. నాకు ఏ విధమైన సంబంధము లేదు.' 'లేదు' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. కార్డు కోసం చట్టం ప్రకారం రాసుకునే పదకొండు నెలల కౌలు ఒప్పందం మీద సంతకం పెట్టాడు.  నరసింహమూర్తి పంట నమోదు కూడా ఆవిడ పేరు మీద అక్కడే ఫోనులో ఎక్కించేశాడు. నాలుగో రోజున కార్డు వచ్చింది.

రిపోర్టు మాత్రం నెల పట్టింది. ఆ నెలంతా హన్నమ్మ సరిగ్గా నిద్రపోలేదు. వీధిలో బండి ఆగితే గుండె ఆగేది. ఈలోగా చేను పూతకొచ్చింది. లేత పసుపు రెక్కల మధ్య ముదురెరుపు చుక్కతో తొంభై సెంట్లూ విరగపూసింది. ఆ పువ్వు చూశాక ల్యాబుతో పని లేదు. అయినా ల్యాబు తన పని చేసి, సదరు నమూనా గోంగూర అనీ, మత్తు పదార్థమేదీ లేదనీ రెండు పేజీల్లో తేల్చింది. ఎస్సై మూసిన ఫైలులో సాగుదారు హన్నమ్మ అన్న మాట మూడుచోట్ల ఉంది.

ఆ సాయంత్రమే బుచ్చిబాబు వచ్చాడు. ఈసారి కూడా గట్టు మీదికి నడిచొచ్చాడు. మొక్కల్ని చూశాడు, పూలు చూశాడు, హన్నమ్మని చూశాడు.

"గోంగూరని నాకు ముందే చెప్పొద్దా హన్నమ్మా?"

"నాలుగుసార్లు చెప్పేనండి."

ఆయన ఒక పువ్వు తుంచి, తిప్పి చూసి పారేశాడు. తరవాత గొంతు మెత్తబడింది. "సరే, గొడవ తీరిపోయింది కదా. ఆ కార్డు, ఆ ఒప్పందం నాకిచ్చెయ్యి. రద్దు చేయించేద్దాం. మన మధ్య కాగితాలెందుకు? ఇన్నేళ్ళూ మాట మీదే నడిచాం కదా."

"మాట మీద నడిచింది నేనండి. మీరు కాగితం మీద నడిచేరు."

"అది పదకొండు నెలలే. తరవాత మళ్ళీ నా సంతకమే కావాలి, గుర్తు పెట్టుకో. అప్పుడు ఈ చెక్కలో నువ్వుండవు."

ఆ మాట నిజమే. హన్నమ్మకి తెలుసు. చట్టం రాసినవాళ్ళు ఏడాదిలో పన్నెండో నెలని జాగ్రత్తగా ఆసామికి వదిలి పెట్టారు. కోపమొచ్చింది. మింగేసింది. ఈ పదకొండు నెలల్లో వానొస్తే మునిగేది తను, మునిగానని చెప్పుకోగలిగేదీ తనే. ఆయన రాసిచ్చిన ఇరవై రెండేళ్ళ కాగితం ఎస్సై ఫైల్లో ఉంది, దాని నకలు తన ట్రంకుపెట్టెలో ఉంది. సంతకం పెట్టనంటే అది పట్టుకుని ఏ ఆఫీసుకెళ్ళాలో నెమ్మదిగా కనుక్కుంటుంది. టైముంది.

"ఇంకా పది నెలలుందండి," అంది. "ఇప్పుడు మాత్రం మీరు నా మడవ మీద నిలబడ్డారు. కాస్త జరగండి, నీళ్ళొదలాలి."

బుచ్చిబాబు కిందికి చూశాడు. కాలువ నీరు మడవ దగ్గరికి వచ్చి ఆగి ఉంది. హన్నమ్మ పార ఎత్తింది. ఆయన ఏదో అనబోయి, అనకుండానే, తన సొంత పొలం గట్టు మీంచి పక్కకి జరిగాడు.